రాజేశం చెవి

పదకొండో వీడియోలో ఇద్దరు కుర్రాళ్లు ఎదురెదురుగా కూర్చుని ఇడ్లీలు మింగుతున్నారు. ఎవరు ఎక్కువ మింగితే వాళ్లకి చేతిగడియారం. రాజేశం హెడ్‌ఫోన్లు సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

వీడియోలు చూడమని కూర్చోబెడితే ఈ పెద్దమనిషి కళ్లు మూసుకుంటాడేమిటని కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం ముసిముసిగా నవ్వుకుంటారు. రెండో వారానికి అలవాటైపోతుంది. ఆయన ముందు వింటాడు. విన్నాక మళ్లీ మొదటి నుంచి పెట్టి చూస్తాడు. పక్క కుర్చీలో కూర్చునే తిరుమల, ఇద్దరు పిల్లల తల్లి, రోజుకి ఎనభై వీడియోలు తేల్చేస్తే ఆయనవి నలభై దాటవు.

ఇడ్లీల కుర్రాళ్లలో ఒకడు దగ్గాడు. రాజేశం కళ్లు తెరిచి, మొదటి నుంచి చూసి, 'వద్దు' నొక్కాడు. కారణాల జాబితాలో 'గొంతుకు అడ్డం పడే తిండి' ఎంచుకున్నాడు. తర్వాత కుడిచేతి చూపుడువేలితో బల్ల మీద 'రా' అని రాశాడు. బల్ల మీద గీతా పడదు, ఎవరికీ కనపడదు. ముప్పై ఒక్క ఏళ్లు సుద్దముక్క పట్టిన వేలు అది, ఊరుకోమంటే ఊరుకోదు.

ఆ వేలి మీదా, ఎడమ కనుబొమ్మ మీదా నీలి మచ్చలుంటాయి. గాయంలో బొగ్గుపొడి ఉండగానే చర్మం మూసుకుపోతే అలాంటి మచ్చ పడుతుంది, సబ్బుకు పోదు. రాజేశం గోదావరిఖనిలో బాయి సర్దారుగా చేశాడు. బొగ్గు గనిని అక్కడ బాయి అనే అంటారు. సర్దారు అంటే తలపాగా చుట్టి కూర్చునే కొలువు కాదు. కూలీలు పనిలోకి దిగకముందే చేతికర్ర పట్టుకుని తన వంతు తావులన్నీ తిరగాలి. తల మీది బండను కర్రతో తట్టి వినాలి. గట్టి బండ గట్టిగా పలుకుతుంది. ఊడిపడబోయే బండ గుల్లగా పలుకుతుంది. గట్టిగా ఉంటే గోడ మీద సుద్దతో తేదీ వేసి, తన పేరులో మొదటి అక్షరం రాసి, ఇక పని చేసుకోవచ్చని చెప్పాలి. ఆ అక్షరం చూసి మనుషులు నెత్తిమీద బండను మరిచిపోయి పని చేస్తారు.

ఈ విషయంలో రాజేశం ఎవరి మాటా వినేవాడు కాదు. ఒకసారి సొంత బావమరిది బుచ్చిరాములు పనిచేసే తావులో బండ గుల్లగా పలికిందని అందరినీ బయటికి పంపేశాడు. పైవాళ్లు వచ్చి చూశారు, గట్టిగానే ఉందన్నారు. రాజేశం సుద్ద జేబులోంచి తియ్యలేదు. నలుగురిలో పరువు తీశాడని బుచ్చిరాములు వీధిలో నిలబడి తిట్టాడు. మర్నాడు మధ్యాహ్నం ఆ బండ దానంతటదే కూలింది, కింద ఎవరూ లేరు. ఆ సాయంత్రం బుచ్చిరాములు వచ్చి, అక్క ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో రాజేశం తిరిగిన తావులో ఒక్క ప్రాణం పోలేదు. ఆయన ఆస్తి ఏమిటని అడిగితే చెప్పుకోవడానికి ఈ ఒక్క ముక్కే ఉంది, అదీ ఎవరైనా అడిగితేనే చెబుతాడు.

రిటైరై, కంపెనీ క్వార్టరు అప్పజెప్పి, భార్య అనసూర్యతో కరీంనగర్ వచ్చి రెండు గదులు అద్దెకు తీసుకున్నాక ఏం తోచేది కాదు. పొద్దున లేచి గోడలు తట్టి చూస్తున్నాడని అనసూర్య ఆటపట్టించేది. ఆమె చెల్లెలి కూతురి స్నేహితురాలు వందన ఈ పని సంగతి చెప్పింది, అక్కడ అజమాయిషీ ఆమెదే. ఎక్కడి కంపెనీయో ఎవరికీ సరిగా తెలియదు. బస్టాండు దగ్గర బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో పన్నెండు కుర్చీలు వేశారు. జనం ఇళ్లల్లో తీసి పెట్టే ఛాలెంజ్ వీడియోలు పిల్లలు చూడదగ్గవా కాదా అని తేల్చాలి. ఒక్కో వీడియోను ముగ్గురు చూస్తారు, ఒక తల్లి, ఒక కుర్రవయసు మనిషి, ఒక పెద్దవయసు మనిషి. ఇక్కడి మాట యంత్రానికి అర్థం కాదట, అందుకని మనుషులు కావాలట.

చేరిన వారం రోజులకే రాజేశం వందన దగ్గరికి వెళ్లి ఒక సంగతి అడిగాడు.

"బిడ్డా, చూసే పోరగాండ్ల సంగతి సరే. చేసే పోరగాండ్ల సంగతి ఎవ్వలు అడగాలె?"

వందన జాబితా ఉన్న కాగితం తిరగేసింది. "గది మన పని కాదు పెద్దబాపూ. గా కాయిదంల గట్ల లేదు," అంది.

అబద్ధం చెప్పలేదు ఆ పిల్ల. జాబితాలో రక్తం ఉంది, నిప్పు ఉంది, ఎత్తు, కత్తి, కరెంటు, బూతుమాట, లోతు నీళ్లు ఉన్నాయి. అన్నీ చూసే పిల్లల కోసమే. రాజేశం ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఈ మాట అనసూర్యకు చెప్పాడు. చూసినవి బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. అయినా బాయి సంగతులు అన్నేళ్లు చెప్పుకున్న మనిషికి ఇవి దాచడం ఆయన వల్ల కాలేదు.

నవ్వి అనే పిల్ల సంగతి కూడా అట్లాగే అనసూర్యకు చేరింది.

రెండేళ్ల కిందట ఒక కొత్త ఛానెల్ వచ్చింది. 'చింటూ నవ్వి ఇంట్ల' అని పేరు. తండ్రి ఇస్తారి దుబాయి నుంచి వాపసు వచ్చినవాడు. కూతురు నవనీత, ఇంట్లో నవ్వి అంటారు, అప్పటికి ఏడేళ్లది. కొడుకు చింటూ ఇంకా చిన్నవాడు. తల్లి ఎప్పుడూ కనిపించదు, బహుశా ఫోను పట్టుకుని తీసేది ఆవిడే. మొదటి వీడియోలో అక్కాతమ్ముళ్లు బుగ్గలు పూరించి బుడగలు ఊదారు. రాజేశం కళ్లు మూసుకుని విన్నాడు. బుడగ పేలింది, పిల్ల నవ్వింది. అంత గట్టి నవ్వు ఆయన చాలాకాలంగా వినలేదు. కళ్లు తెరిచి చూస్తే ముందుపళ్లు రెండూ లేవు. మాట తీరు విని, ఇది గోదావరి దగ్గర, చెన్నూరు వైపు పిల్ల అని గుర్తుపట్టాడు.

రాజేశం దంపతులకి పిల్లలు లేరు. మూడుసార్లు కడుపు నిలవక పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎత్తడం ఇద్దరూ మానుకున్నారు. మానుకుని ముప్పై ఏళ్లయ్యాక, అరవై దాటిన ముసలాడు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే అనసూర్య అడగడం మొదలుపెట్టింది: "పొల్ల ఇయ్యాల ఏం జేసింది?" ఆయన చెప్పేవాడు. ఒంటికాలి మీద నిలబడింది. తమ్ముడిని ఓడించి మళ్లీ తనే వాడికి చాక్లెట్టు ఇచ్చింది. చదువుకునేది మూడో తరగతి, ఎక్కాలు పదమూడు దాకా వచ్చు. ముందుపన్ను వచ్చిందని చెప్పిన రోజు అనసూర్య పాయసం వండింది. ఎవరి పిల్లో, ఎక్కడి పిల్లో, పన్ను మాత్రం వీళ్లింట్లో మొలిచినంత సంబరం. ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. అనసూర్య ఆ పిల్ల ముఖం ఒక్కసారి కూడా చూడలేదు.

ఈ మధ్య ఇస్తారి పెట్టే పోటీలు ముదురుతున్నాయి. బుడగలు, దాగుడుమూతలు చూసేవాళ్లు తగ్గినట్టున్నారు. ఎండలో ఎవరు ఎక్కువసేపు నిలబడతారన్న వీడియో వచ్చినప్పుడు రాజేశం వద్దన్నాడు. పచ్చిమిరపకాయల వీడియోకి కూడా వద్దన్నాడు. ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా ఛానెల్ పేరు పక్కన ఒక గీత పడుతుంది. మిగతా ఇద్దరూ సరేనన్నారు కాబట్టి, రెండు గీతలూ రాజేశం గీసినవే.

పన్నెండో వీడియో వాళ్లదే వచ్చింది. 'నీళ్లు తాగే ఛాలెంజ్, గెలిస్తే సైకిల్.'

రాజేశం కుర్చీలో సర్దుకున్నాడు, మొహం విచ్చుకుంది. కళ్లు మూసుకున్నాడు. ఇస్తారి గొంతు ఎప్పటిలాగే హుషారుగా నమస్తే చెప్పింది. మగ్గులు బల్ల మీద పెట్టిన చప్పుడు. చింటూ రెండు మగ్గులకే నా వల్ల కాదు పొమ్మన్నాడు. నవ్వి నవ్వింది. మూడు, నాలుగు అని తండ్రి లెక్కపెడుతున్నాడు. ఇంకా తాగుతోంది. మధ్యలో ఒక త్రేన్పు. మళ్లీ నవ్వు.

ఆ నవ్వు దగ్గర రాజేశం వీపు నిటారైంది.

"ఇంకొక్కటి తల్లీ. సైకిల్ కావాల్నా వద్దా?" అంటున్నాడు ఇస్తారి.

"కావాలె బాపూ. కని తలకాయ నొస్తుంది," అంది పిల్ల. అని నవ్వింది. నవ్వు గుల్లగా ఉంది.

రాజేశం వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ విన్నాడు, తర్వాత ఇంకోసారి. తర్వాత కళ్లు తెరిచి చూశాడు. శుభ్రమైన ఇల్లు, శుభ్రమైన నీళ్లు, నవ్వుతున్న తండ్రి. రక్తం లేదు, నిప్పు లేదు. కానీ ఆయనకి బాయి గుర్తొచ్చింది. ఉడికిపోయే తావుల్లో పనిచేసే పాతకాలం కూలీలు నీళ్లసీసాలో ఉప్పుగల్లు వేసుకునేవారు. ఉత్త నీళ్లు కడుపునిండా పట్టించొద్దని కొత్తవాళ్లని తిట్టేవారు. ఒక కొత్త కుర్రాడు వినకుండా తాగి, తలనొప్పి అని కూలబడి, కాళ్లూ చేతులూ కొంకర్లు పోతే ఆయనే భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ఆ కుర్రాడు బతికాడు. నీళ్లు కూడా మనిషిని పడగొడతాయని బాయిలో దిగినవాళ్లకి తెలుసు. జాబితా రాసినవాళ్లకి తెలియదు.

'వద్దు' మీద వేలు పెట్టి ఆగాడు. అటు వెళుతున్న వందన వెనక నిలబడింది.

"గింతసేపాయె పెద్దబాపూ. ఏమన్న పరేషానా?"

"గీ నీళ్లది. వద్దందామనుకుంటున్న."

ఆమె వంగి చూసింది. "నీళ్లే గదా. కడమ ఇద్దరు చూడొచ్చనే అన్నరు."

"ఉత్త నీళ్లు గన్ని తాగొద్దు బిడ్డా. పొల్ల నవ్వు మంచిగ లేదు."

వందన తెర మీద ఛానెల్ పేరు పక్కన ఉన్న గీతలు చూసింది. "వద్దంటే మూడో గీత పడ్తది. పిల్లల వరుసలకెళ్లి ఛానెల్ తీసేస్తరు. మనకు ఇగ రాదు. మీ ఇష్టం, నేనేం జెప్ప," అని తన కుర్చీకి వెళ్లిపోయింది. ఒత్తిడి పెట్టే మనిషి కాదు. ఆ తర్వాత జరిగినదాంట్లో ఆమె తప్పు ఆవగింజంత లేదు.

మనకు ఇగ రాదు. రాజేశం ఆ మాట దగ్గరే కూర్చుండిపోయాడు. సాయంత్రం తలుపు తీస్తూ అనసూర్య అడుగుతుంది. రేపూ అడుగుతుంది. ఇక పిల్ల రాదే అని ఎట్లా చెప్పడం? మూడుసార్లు చెప్పిన మాటే అది, ఆసుపత్రి వరండాలో. నాలుగోసారి తన నోటితో, తన వేలితో. ఏమవుతుందిలే, నీళ్లే గదా, తండ్రి పక్కనే ఉన్నాడు గదా అనుకున్నాడు. ఎదుటివాళ్లు అదే మాట అంటే ముప్పై ఒక్క ఏళ్లు ఒప్పుకోని మనిషి తనకి తానే చెప్పుకున్నాడు.

'చూడొచ్చు' నొక్కాడు. వేలు బల్ల మీదికి వెళ్లింది గానీ అక్షరం రాయలేదు.

మధ్యాహ్నం డబ్బా విప్పితే జొన్నరొట్టె, టమాట తొక్కు. సగం రొట్టె తిని మూత పెట్టేశాడు. ఒంట్లో బాగాలేదా అని తిరుమల అడిగితే, మంచిగనే ఉన్న అన్నాడు. సైకిల్ గెలిచిందని అనసూర్యకు చెప్పాలి. ఏ రంగు సైకిల్ అని అడుగుతుంది తప్పకుండా. ఆ రంగు రేపటి వీడియోలో తెలుస్తుందేమో. వచ్చేసారి కాస్త గట్టిగా చూడాలి, అనుమానం వస్తే మొహమాటం లేకుండా వద్దనాలి అని తీర్మానించుకున్నాక మనసు కొద్దిగా కుదుటపడింది.

నాలుగింటికి చాయ్ వచ్చింది. గ్లాసు పక్కన పెట్టి, తర్వాతి వీడియో తెరిచాడు. 'చింటూ నవ్వి ఇంట్ల' అని కనబడగానే ప్రాణం లేచివచ్చింది. ఒకే రోజు రెండు రావడం అరుదు. పేరు పూర్తిగా చదవకుండానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఇస్తారి నమస్తే చెప్పలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. ఎవరో కుర్చీ జరిపారు. ఫోనుకి బాగా దగ్గరగా ఒక ఆడమనిషి ఏడుస్తోంది. రెండేళ్లుగా ఆ ఇంటి ప్రతి చప్పుడూ తెలిసిన రాజేశం ఆ గొంతును మాత్రం ఎప్పుడూ వినలేదు. ఫోను పట్టుకుని నిలబడే మనిషి గొంతు అది.

"నీళ్లే గదా అనుకుంటి బిడ్డా," అంటోంది ఆ గొంతు. "నీళ్లే గదా అని నేనే పట్టిచ్చి ఇస్తి గదా నా తల్లీ."

రాజేశం కళ్లు తెరవలేదు. తెరిస్తే నిజమవుతుంది.

చింటూ ముందుకొచ్చాడు. తండ్రి నేర్పిన హుషారు గొంతుతోనే మొదలుపెట్టాడు. "నమస్తే. మా అక్క సచ్చిపోయింది. సైకిల్ కొనుక్కరాకముందే సచ్చిపోయింది." తర్వాత ఎప్పుడూ చివర్లో చెప్పేదే చెప్పాడు. "నచ్చితే లైక్ కొట్టుర్రి."

తర్వాత ఫ్యాను ఒక్కటే తిరిగింది.

కళ్లు తెరిచేసరికి వీడియో అయిపోయి, తెర మీద ప్రశ్న నిలబడి ఉంది: ఇది పిల్లలు చూడదగ్గదేనా? కింద రెండు జవాబులు.

తెర మూలన తేదీలు ఉంటాయి, ఎప్పుడూ పట్టించుకోడు. ఇప్పుడు చూశాడు. నీళ్ల వీడియో పెట్టి తొమ్మిది రోజులైంది. ఈ వీడియో పెట్టి ఐదు రోజులు. పొద్దున ఆయన వేలు తటపటాయించే వేళకే పిల్ల లేదు.

లేచి వందన దగ్గరికి నడిచాడు.

"బిడ్డా, పొద్దుగాల నేను చూడొచ్చన్న నీళ్ల వీడియో మార్చాలె."

"ఒక్కసారి నొక్కినంక మారదు పెద్దబాపూ. ఏమైంది?"

"పొల్ల సచ్చిపోయింది."

వందన ఆయన మొహం చూసి, తన తెర మీద ఆ వీడియో పెట్టుకుని చూసింది. ఆమె కళ్లు నిండిపోయాయి. తేదీలు ఆమె కూడా చూసింది. "మీరేం జేస్తరు పెద్దబాపూ? మీదాక రాకముందే అయిపోయింది. మీరు వద్దన్నా గా పొల్ల..."

"తెల్సు. పొల్లను నేను సంపలే," అన్నాడు రాజేశం. "కని గుల్లగ పలికిందని నాకు ఎరుకైంది. ఎరుకయ్యి కూడా సరే అన్న. పొల్ల మళ్ల కనవడదని సరే అన్న. ఇంకెంతమంది పిల్లలు చూస్తరో గది, చూసి నీళ్లు పట్టుకుంటరో. రాసుకునే బుక్కు లేదా మీకాడ?"

బాయిలో షిఫ్టు దిగేముందు సర్దారు రాసే పుస్తకం ఒకటుండేది, ఎక్కడ ఏం విన్నాడో, ఏం చేశాడో అందులో సంతకంతో సహా ఉండాలి. ఇక్కడ అలాంటి పుస్తకం లేదు. వందన సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి ఇచ్చింది. రాజేశం నిలబడే రాశాడు. ఉత్త నీళ్లు ఎక్కువ తాగితే ప్రాణం పోతుందని, ఆ వీడియోను ఎవరూ చూడకుండా వెంటనే తీయించమని, వద్దని తెలిసి కూడా తాను చూడొచ్చన్నానని, అది తన తప్పేనని. కింద ఒక్క అక్షరం కాకుండా పేరు మొత్తం రాశాడు. వందన ఆ కాగితాన్ని ఫొటో తీసి పైవాళ్లకి పంపింది.

"రేపటికెళ్లి నేను రాను బిడ్డా. నా చెవు మంచిగనే ఉన్నది. నేనే మంచిగ లేను."

జేబులో ఫోను మోగింది. అనసూర్య. వచ్చేటప్పుడు పాలు తెమ్మని ఈ వేళకి రోజూ చేస్తుంది. వరండాలోకి వెళ్లి ఎత్తాడు. కింద బస్టాండులో మంచిర్యాల బస్సు వాళ్లు కేకలు పెడుతున్నారు.

"పాలు పట్టుకరా, మరువకు. పొల్ల అచ్చిందా ఇయ్యాల?"

"అచ్చింది."

"ఏం జేసింది?"

రాజేశం పిట్టగోడను పట్టుకున్నాడు.

"నీళ్లు తాగిందే."

"గంతేనా?" అని నవ్వింది అనసూర్య. "గదేం పోటీ? మంచిగనే ఉన్నదా మరి?"

"ఇంటికచ్చి చెప్త," అన్నాడు. ఫోను పెట్టేసి, అక్కడే నిలబడి, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. పుట్టకుండా పోయిన ముగ్గురికీ ఏడవనంత ఏడ్చాడు. చాయ్ గ్లాసులు తీసుకెళుతున్నామె చూసి, చూడనట్టు దిగిపోయింది.

మొహం కడుక్కుని లోపలికి వచ్చాడు. డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. ప్రశ్న ఇంకా తెర మీదే ఉంది. విన్నదాన్ని చూడకుండా ఎప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదలచుకోలేదు. కూర్చోకుండానే వీడియో మొదటి నుంచి పెట్టాడు. దండ వేసిన ఫొటో. మోకాళ్ల మీద తల పెట్టుకున్న ఇస్తారి. చింటూ మాట్లాడి అయ్యాక తల్లి చేతిలో ఫోను పక్కకి తిరిగింది. గోడకి కొట్టిన చిన్న అద్దం కనబడింది, రాజేశం అక్కడ ఆపాడు.

అద్దంలో ఎవరూ లేరు. దాని కింది అంచున, తొమ్మిదేళ్ల పిల్ల స్నానానికి వెళుతూ తీసి అంటించినట్టు, ఆకుపచ్చ బొట్టుబిళ్ల ఒకటి కొంచెం వంకరగా అతుక్కుని ఉంది.